హాట్ ప్రెస్ పక్క గది

ఆ సోమవారం ఉదయం ఎనిమిదింటికి గడప దాటేసరికి దీక్షిత్ దగ్గర ఉన్నవి ఇవి: కోటు లోపలి సంచిలో నాలుగు ఫోన్లు, కాళ్ళకు చీలమండలు దాటే జత బూట్లు, ముగ్గురి దగ్గర పుచ్చుకున్న మూడు మాటలు. ఫోన్లలో ఒకటే అతనిది. బూట్లు సొంతం. మాటల్లో రెండు చిల్లర బేరాలు, మూడోది మాత్రం టోకు.

మంచు శనివారం సాయంత్రం మొదలైంది. ఐరిష్ ఊరు లిమరిక్‌లో వానను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది ఎప్పుడూ ఉండేదే. మంచు సంగతి వేరు. ఇంత మంచు చూసి పదిహేనేళ్ళు దాటిందని పక్కింటి ముసలాయన రాబర్ట్ అన్నాడు. ఆదివారం తెల్లారేసరికి గేటు దగ్గర చెత్త డబ్బాలు సగం మునిగిపోయాయి. బస్సులు నిలిచిపోయాయి. వీధి చివర కొట్లో రొట్టె, పాలు శనివారం రాత్రికే ఖాళీ. కరెంటు వస్తూ పోతూ ఉంది. నలుగురు కుర్రాళ్ళు వంటింట్లో గ్యాస్ పొయ్యి చుట్టూ కూర్చుని, ఒకే గిన్నెలో ఉడికిన నూడుల్స్ పంచుకుని తిన్నారు.

దీక్షిత్‌ది దుగ్గిరాల. తండ్రి పసుపు యార్డులో కమీషన్ వ్యాపారి. బీటెక్ అయ్యాక రెండేళ్ళు తండ్రి పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఆ తర్వాతే, కిందటి జనవరిలో, ఇక్కడికి ఎమ్మెస్సీకి వచ్చాడు. ఆ రెండేళ్ళలో ఒక పద్ధతి ఒంటబట్టింది. ఎదుటివాడు ఏం అడుగుతున్నాడన్నది కాదు, ఎంత అవసరంలో ఉండి అడుగుతున్నాడన్నది చూడాలి. కొమ్ము పచ్చిదా ఎండిందా అని తండ్రి విరిచి చూసినట్టు, దీక్షిత్ మనిషిని మాటల్లో విరిచి చూసేవాడు. గత ఫిబ్రవరిలో, చలి వెనకబడ్డాక, ఎవరికీ అక్కర్లేని వేళ ఈ బూట్లు కొన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ ఇంట్లో మంచులో నడవగలిగిన కాళ్ళు రెండే.

అతను నష్టపోయిన బేరం ఆ ఇంట్లో ఒకటే ఉంది, అది గది. సెప్టెంబరులో నలుగురూ ఈ ఇంటికి మారి గదులు పంచుకున్నప్పుడు పెద్ద కిటికీ ఉన్న పెద్ద గదిని తనే ముందు పట్టుకున్నాడు. చీరాల నుంచి వచ్చిన ఆమోసు ఏదో ఒకటిలే అని అందరికంటే చిన్న గది తీసుకున్నాడు. నవంబరు వచ్చాక తెలిసింది. పెద్ద గది గోడ ఉత్తరానికి ఉంది. రంగు కిందనుంచి నల్లటి బూజు పైకి పాకింది. దుప్పటి ఎప్పుడు పట్టుకున్నా తడిగా తగిలేది. ఆమోసు గదికి ఆనుకుని హాట్ ప్రెస్ ఉంది. ఇక్కడివాళ్ళు అల్మారాని ప్రెస్ అంటారు, వేడినీళ్ళ ట్యాంకు పెట్టిన అల్మారా హాట్ ప్రెస్. ఆ ట్యాంకు వేడికి ఆ గది గోడ ఇరవైనాలుగు గంటలూ గోరువెచ్చగా ఉండేది. దీక్షిత్ ఆ గోడను ఒకసారి అరచేత్తో తాకి చూశాడు. ఆ తర్వాత మర్చిపోలేదు.

ఆదివారం మధ్యాహ్నం కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. అందులో రెండు వాక్యాలున్నాయి. సోమవారం తరగతులు యథాప్రకారం జరుగుతాయన్నది మొదటిది. క్షేమంగా రాలేనివారు ఇంట్లోనే ఉండి, లెక్చరర్‌కు ఆ సంగతి తెలియజేయాలన్నది రెండోది.

"క్లాసుందంట," అన్నాడు శశికాంత్ ఫోన్ బల్ల మీద పడేసి. అతనిది కడప. "యాడికి పొయ్యేది ఈ మంచులో? ఆరు కిలోమీటర్లు!"

"నేనైతే దుప్పట్లకెళ్ళి లేవ," అన్నాడు జగిత్యాల ఆకాష్. "అటెండెన్స్ పోతే పోనీ అన్నా. పానం ఉంటే మళ్ళ తెచ్చుకోవచ్చు."

ఆమోసుకి నిన్నటి నుంచి జ్వరం. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని దగ్గుతున్నాడు. అతని సంగతి ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. హాజరు నూటికి ఎనభై దాటి ఉండాలి. అతనిది ఎనభై మీద ఒక్క క్లాసు ఎక్కువ ఉంది, అంతే. శని, ఆదివారాలు వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు చేసి సోమవారం పొద్దున నిద్రలో మునిగిపోయిన రోజులు కొన్ని, డిసెంబరులో జ్వరం మరికొన్ని. నెలాఖరుకి అతని నివాస కార్డు గడువు అయిపోతుంది. మళ్ళీ రాయించుకోవాలంటే హాజరు సరిగా ఉందని కాలేజీ ఉత్తరం ఇవ్వాలి. ఒక్క క్లాసు తగ్గితే ఆ ఉత్తరం లేదు. ఉత్తరం లేకపోతే కార్డు లేదు, చదువు సగంలో ఆగిపోతుంది. అది క్రిస్మస్ ముందే ఆఫీసువాళ్ళు రాతపూర్వకంగా చెప్పారు.

"నేనెళ్తాను," అన్నాడు దీక్షిత్. "నాకు బూట్లున్నాయి. మీ ఫోన్లు ఇవ్వండి."

హాజరు పద్ధతి ఇది. క్లాసులో తెర మీద ఒక క్యూఆర్ గుర్తు కనిపిస్తుంది, అర నిమిషానికొకసారి మారుతుంది. ఎవరి ఫోన్‌తో వాళ్ళు దాన్ని స్కాన్ చేయాలి. ఫోన్ అక్కడుంటే మనిషి అక్కడున్నట్టే.

"ఊరికేనా?" అన్నాడు శశికాంత్ అనుమానంగా.

"ఊరికే ఎవడు నడుస్తాడ్రా ఆరు కిలోమీటర్లు? ఆకాష్, పది రోజులు గిన్నెలు నువ్వు కడుగు. శశికాంత్, నువ్వు ఫిబ్రవరి నెలంతా బాత్రూమ్, చెత్త డబ్బాలు చూసుకో."

"నువ్వు మనిషివి కాదు సామీ, చెక్‌పోస్టువి," అన్నాడు శశికాంత్. కానీ ఫోన్ ముందుకు జరిపాడు.

"పది దినాలా? వారం చెయ్యన్నా."

"పది. మంచు తక్కువుంటే వారమే అనేవాణ్ణి."

ఆకాష్ నవ్వి ఫోన్ ఇచ్చాడు. ఆమోసు కప్పు కింద పెట్టాడు.

"నేనూ నీతో వస్తాను దీక్షిత్. నెమ్మదిగా నడుస్తాను."

"ఆ గుడ్డ బూట్లతోనా? ఈ దగ్గుతోనా? దార్లో పడిపోతే నిన్ను మోసుకెళ్ళాలి నేను."

"పోనీ మెయిల్ పెట్టనా? రాలేనోళ్ళు చెప్పమన్నారు కదా. ఇదుగో, రెండో లైన్లో ఉంది."

దీక్షిత్ ఆ లైను చూశాడు. చూసి నవ్వాడు. "అది మర్యాదకి రాస్తార్రా. మన కాలేజీలో రాసేవాళ్ళు కాదూ, విద్యార్థుల సౌకర్యార్థం అని? ఆ సౌకర్యం ఎప్పుడన్నా చూశావా? మెయిల్ పెడితే రాలేదని నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నట్టు. నీ ఫైల్లో అదొక కాగితం అవుతుంది."

ఆ మాట అన్నప్పుడు అతనికి అబద్ధం చెబుతున్నానని లేదు. పదహారేళ్ళు అతను చదివిన చోటల్లా రిజిస్టరులో గీత పడిందా లేదా అన్నదే నిజం. కారణాలు వినే నాథుడు ఎక్కడా లేడు. జ్వరమొచ్చినవాడికీ సినిమాకెళ్ళినవాడికీ ఒకటే గీత. కనక మెయిల్‌లో రెండో వాక్యాన్ని అతను లెక్కలోకి తీసుకోలేదు. అదొకటీ నిజమే. ఆమోసు మెయిల్ పెట్టుకుంటే తనతో బేరానికి రాడన్నదీ నిజమే. రెండు నిజాల్లో ఏది ముందు తోచిందో తర్వాత ఎంత తవ్వుకున్నా అతనికే తేలలేదు.

ఆమోసు కాసేపు ఆ లైన్ వంక చూసి ఫోన్ ఆపాడు. "సరే. నీకేం కావాలి?"

"నీ గది. ఫిబ్రవరి ఆఖరు దాకా."



"అన్నా," అన్నాడు ఆకాష్, "జరమొచ్చినోని గది గుంజుకుంటవా?"

"గుంజుకోవడమేంటి? అడుగుతున్నా. వాడు వద్దంటే వద్దు, ఇంకోటి మాట్లాడుకుంటాం."

వాడు వద్దనడని దీక్షిత్‌కి తెలుసు. ఆమోసు తనది కాని వస్తువు ఒక్కటి ఎక్కువ తీసుకుని ఎరగడు, ఇచ్చేటప్పుడు తూచి ఎరగడు. "తీసుకో," అన్నాడు. లేచి మెట్లెక్కి వెళ్ళి ఊలు మేజోడు ఒకటి తెచ్చాడు. ట్రాలీ అనే ఊళ్ళో ఆసుపత్రి నర్సుగా చేసే లీలారాణి పిన్ని అల్లి పంపిన జతలోది. ఫోన్ అందులో పెట్టి ఇచ్చాడు. "చలికి బ్యాటరీ దిగిపోద్ది. లోపలి జేబులో పెట్టుకో."

అలా బయల్దేరాడు దీక్షిత్.

గేటు దగ్గర రాబర్ట్ పారతో మంచు తోస్తూ, మెట్ల మీద బొగ్గు పొయ్యి బూడిద చల్లుతున్నాడు. "ఎక్కడికి బాబూ?" అన్నాడు.

"కాలేజీకి."

"ఈ రోజా! పిచ్చా నీకు? రాలేనని చెప్తే పోలా? అంతా గ్రాండ్‌గా సర్దుకుంటుంది."

ఇక్కడివాళ్ళకు ఏదైనా గ్రాండే. ఇల్లు కూలినా గ్రాండే. దీక్షిత్ తల ఊపి ముందుకు నడిచాడు. ముసలాయన మాటా, మెయిల్‌లో రెండో లైనూ ఒకటేనని అప్పుడు తట్టి ఉంటే వెనక్కి తిరిగేవాడేమో. తట్టలేదు.

ఆరు కిలోమీటర్లకు రెండు గంటలు పైనే పట్టింది. కాలవ గట్టు మీద దారీ నీళ్ళూ ఒకటే రంగులో ఉన్నాయి. వంతెన కింద హంసలు రెండు గడ్డకట్టని మడుగులో ముడుచుకుని ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల మోకాలి దాకా దిగిపోయాడు. మూడు చోట్ల పడ్డాడు. పడ్డ ప్రతిసారీ ముందు జేబు తడుముకున్నాడు, ఆ తర్వాతే మోకాలు చూసుకున్నాడు. అడుగు తీసినప్పుడల్లా గోరువెచ్చటి గోడ గుర్తొచ్చేది. నలభై ఎనిమిది రోజులు వెచ్చగా పడుకోవడం ఒకవైపు, నాలుగు గంటల నడక మరోవైపు. ఎటు చూసినా లాభమే.

అరవై మంది పట్టే గదిలో ముగ్గురే ఉన్నారు. క్యాంపస్ హాస్టల్లో ఉండే ఐరిష్ అమ్మాయిలు ఇద్దరు, తను. లెక్చరర్ హెలెన్ చేతికర్రలు పట్టుకుని నడిచి వచ్చినట్టుంది, బూట్లు తలుపు దగ్గర విడిచి ఊలు మేజోళ్ళతో నిలబడి పాఠం చెప్పింది. యాభై దాటిన మనిషి. దీక్షిత్ తడిసిన బట్టలు చూసి తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది.

తెర మీద గుర్తు వెలిగింది. బల్ల కింద ఒక్కొక్క ఫోనే తీసి పట్టించాడు. తనది, ఆకాష్‌ది, శశికాంత్‌ది. నాలుగోది మేజోడులోంచి సగం తీసి అక్కడే పట్టించి వెనక్కి తోశాడు. పని అయిపోయింది. టీ ఇంకా వేడిగానే ఉంది.

పాఠం సగంలో ఉండగా మేజోడు మోగింది. ఆమోసు పెట్టుకున్న క్రైస్తవ గీతం, తబలాతో సహా, ఖాళీ గదిలో గోడలకు కొట్టుకుని రెట్టింపైంది. దీక్షిత్ తడబడుతూ బయటికి లాగాడు. తెర మీద 'లీల పిన్ని' అని ఉంది. అది ఆపేలోగా ఆకాష్ పెట్టుకున్న అలారం రెండో జేబులో మొదలైంది. ఐరిష్ అమ్మాయిలు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు.

హెలెన్ నవ్వలేదు. తన ల్యాప్‌టాప్ వంక చూసింది. ఆ తర్వాత కుర్చీల వంక చూసింది.

పాఠం అయ్యాక అమ్మాయిలు వెళ్ళేదాకా ఆగి ల్యాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది. "ఇక్కడ కూర్చున్నది ముగ్గురు. ఇందులో ఆరుగురు ఉన్నారు."

దీక్షిత్ మేజోడును జేబులోకి తోశాడు.

"ఇంకోటి చూడు," అంది. మెయిల్ పెట్టె తెరిచింది. "నిన్నటి నుంచి నలభై మంది రాశారు, రాలేమని. ఒక్కొక్కరూ ఒక్క లైను. అందరికీ అనుమతి రాశాను, వాళ్ళకు హాజరు పోదు. నీ స్నేహితులు ముగ్గురూ ఒక్క లైను రాసి ఉంటే వాళ్ళకూ రాసేదాన్ని. ఎందుకు రాయలేదు?"

యార్డులో ఒకసారి ఇలాంటిది చూశాడు దీక్షిత్. పక్క ఊళ్ళో ప్రభుత్వం విత్తనం ఉచితంగా ఇస్తోందని తెలియక ఒక రైతు ఎద్దును తోలిచ్చి విత్తనం కొనుక్కుపోయాడు. ఆ రాత్రి నాన్న అన్నం దగ్గర దాన్ని తలచుకుని నవ్వాడు. అమ్మినవాడికి ఆ ఉచితం సంగతి ముందే తెలుసని నాన్న చెప్పాడో లేదో ఇప్పుడు గుర్తు రాలేదు.

"ఒక్కటి అడుగుతాను," అంది హెలెన్. గొంతు పెంచలేదు. "ఈ ఫోన్లు వాళ్ళు తెలిసే ఇచ్చారా? నువ్వే తీసుకొచ్చావా? నాకు తెలియాలి, ఎందుకంటే నేను చూసింది రాసి పంపాలి."

తలుపు దగ్గర ఆమె బూట్ల నుంచి మంచు కరిగి నీళ్ళు పారుతున్నాయి. దీక్షిత్ బుర్ర ఎప్పుడూ చేసే పనే చేసింది. నేనే తీసుకొచ్చానంటే మొత్తం బరువు ఒక్కడి మీద పడుతుంది. వాళ్ళే ఇచ్చారంటే నాలుగు వాటాలు అవుతుంది. నాలుగో వంతు ఎవరైనా మోయగలరు. నాలుగు వాటాలూ సమానం కావని, ఒకడి తూకం ఇప్పటికే అంచు మీద ఉందని, అతనికి తెలియక కాదు. లెక్క అంతకంటే ముందే నోటికొచ్చేసింది.

"తెలుసండి. వాళ్ళే ఇచ్చారు."

హెలెన్ తల ఊపింది. అతని కప్పు తీసుకుని ఫ్లాస్కు మూత బిగించింది.

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. ఇక్కడ జనవరిలో ఆ వేళకే వెలుగు ఇంకిపోతుంది. వంటింట్లో ఆకాష్, శశికాంత్ ఉన్నారు. సింకులో గిన్నె ఒక్కటి లేదు, ఆకాష్ మాట ప్రకారం కడిగేశాడు. దీక్షిత్ పైకి వెళ్ళాడు. బట్టలు మార్చుకుందామని తన గది తలుపు తోశాడు.

అందులో ఆమోసు ఉన్నాడు. నల్ల బూజు గోడ పక్క మంచం మీద, కోటు వేసుకునే, రెండు దుప్పట్ల కింద. కిటికీ సందులో పాత పత్రిక మడిచి దోపి ఉంది. అతని పుస్తకాలు, బైబిలు, పళ్ళ బ్రష్ కిటికీ గట్టు మీద సర్ది ఉన్నాయి.

"వచ్చావా?" అన్నాడు దగ్గుతూ. "నీ సామాను అటు మార్చేశాను. దుప్పటి ఉతికింది వేశాను. హాట్ ప్రెస్‌లో నీ మేజోళ్ళు, తువ్వాలు పెట్టాను, వెచ్చగా ఉంటాయి. ముందు తుడుచుకో. ఫోన్ లేక ఎక్కడిదాకా వచ్చావో తెలియలా, భయమేసింది."

దీక్షిత్ ఆ పక్క గదిలోకి వెళ్ళాడు. గోడ వెచ్చగా ఉంది. మంచం మీద తన సామాను వరసగా పేర్చి ఉంది, విరిగిన దువ్వెనతో సహా. తువ్వాలు తీసి మొహానికి అద్దుకుంటే ఇస్త్రీ వాసన వచ్చింది. మంచం అంచున కాసేపు కూర్చున్నాడు. ఎంత కూర్చున్నా చెప్పాల్సింది తరగదని లేచి, మళ్ళీ ఆ గదికే వెళ్ళి, మేజోడుతో సహా ఫోన్ ఇచ్చి చెప్పాడు. ఫోన్లు మోగడం, హెలెన్ చూడడం, నలభై మెయిళ్ళు, అన్నీ చెప్పాడు. హెలెన్ అడిగిన చివరి ప్రశ్న, దానికి తన జవాబు మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ చీటీ రాయకుండా సరుకు దాటించేశాడు.

ఆమోసు మోచేతి మీద లేచాడు.

"ఒక్క లైనా?"

"ఒక్క లైను."

"నిన్న టైప్ చేశాను కూడా," అన్నాడు. "పంపలేదు, అంతే." కోపం లేదు ఆ గొంతులో. పారేసుకున్న వస్తువు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేవాడి గొంతు.

దీక్షిత్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నీ గదిలోకి నువ్వెళ్ళు. బేరం చెల్లలేదు."

"నువ్వు నడిచావు కదా," అన్నాడు ఆమోసు, గోడ వైపు తిరిగి. "నువ్వు చేస్తానన్నది చేశావు. పడుకో."

కింద సంగతి తెలిశాక ఆకాష్ మెట్ల మీదనే అరిచాడు. "మంచిగ జేసినవన్నా! ఫ్రీగ దొరికేదానికి వాని ఇల్లు ముంచితివి. ఇగ నుంచి గిన్నెలు నువ్వే కడుక్కో!"

దీక్షిత్ కడిగాడు. ఆ వారమంతా కడిగాడు. ఎవరూ అడగకుండా చెత్త డబ్బాలు కూడా బయట పెట్టాడు. మంచు మురికి పట్టి, బూడిద రంగుకి తిరిగి, గోడల పక్క కుప్పలుగా మిగిలింది. అతను రోజూ గది మార్చుకుందామని అడిగేవాడు, ఆమోసు రోజూ వద్దనేవాడు. దగ్గు పెద్దదైంది. గోడ ఇవతల వెచ్చగా పడుకుని ఆ దగ్గు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవాడు దీక్షిత్. లెక్కపెట్టడం అతని చేతిలో లేదు, పుట్టిన దగ్గర్నుంచీ అంతే.

పై సోమవారం విచారణ. చిన్న గది, హెలెన్, ఆఫీసు నుంచి ఇంకొకాయన, ఎదురుగా నలుగురూ. ఈసారి దీక్షిత్ వారం రోజులు లెక్క వేసుకునే వచ్చాడు. లేచి నిలబడి చెప్పాడు. "ఆమోసుకి ఏమీ తెలియదండి. జ్వరంతో నిద్రపోతున్నాడు. ఫోన్ నేనే తీసుకున్నాను. తప్పంతా నాది."

హెలెన్ కాగితాలు తిరగేసింది. "ఆ రోజు నేను అడిగితే, వాళ్ళే తెలిసి ఇచ్చారన్నావు."

ఆమోసు తల తిప్పి దీక్షిత్‌ని చూశాడు. ఆ సంగతి అతను వినడం అదే మొదలు.

ఆఫీసాయన ఆమోసును అడిగాడు. "ఏది నిజం? ఇతను చెప్పినట్టు నీకు తెలియకపోతే, ఇది వేరే విషయం అవుతుంది."

గదిలో గోడ గడియారం లేదు. ఉంటే బాగుండేదని దీక్షిత్‌కి అనిపించింది, ఏదో ఒక చప్పుడు ఉండేది. తల దించుకుని మనసులో బతిమాలాడు. అవునను, ఒక్కసారి అవునను.

"అతను అడిగాడు, నేను ఇచ్చాను," అన్నాడు ఆమోసు. "పాస్‌వర్డ్ కూడా నేనే చెప్పాను."

ఆకాష్‌కి, శశికాంత్‌కి హెచ్చరిక ఉత్తరాలు వచ్చాయి. వాళ్ళ హాజరు బోలెడంత ఉంది, అక్కడితో సరి. దీక్షిత్‌కి హెచ్చరికతో పాటు ఒక సబ్జెక్టు మళ్ళీ చదవమన్నారు. ఆ ఒక్క క్లాసు పోయి ఆమోసు హాజరు ఎనభై దాటలేదు. కాలేజీ ఉత్తరం ఇవ్వలేమన్నారు. హెలెన్ ఆ మాట చదివేటప్పుడు కళ్ళజోడు తీసేసింది.

బయట బస్టాపులో, కరిగీ కరగని మంచులో నిలబడి, దీక్షిత్ ఆగలేకపోయాడు. "ఎందుకురా? నేను చెప్పింది పట్టుకుని ఉంటే సరిపోయేది కదా! అవును అంటే నీ సొమ్మేం పోయేది?"

ఆమోసు మేజోడులోంచి ఫోన్ తీసి బస్సు ఎప్పుడొస్తుందో చూశాడు. "నువ్వు ఆ రోజే ఆ మాట చెప్పి ఉంటే, నేను ఊరుకునేవాణ్ణేమో. ఆశ ఉంది కదా నాకూ. వారం పోయాక చెప్తే అది నువ్వు నాకు పెట్టే భిక్ష. దానికి బదులివ్వాలంటే నా దగ్గర ఇంకో గది లేదు దీక్షిత్."

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

శనివారం లీలారాణి పిన్ని ట్రాలీ నుంచి కారులో వచ్చింది. ఆమోసుని తీసుకెళ్ళి దగ్గు తగ్గేదాకా తన దగ్గర ఉంచుకుని, కార్డు గడువు లోపల విమానం ఎక్కిస్తుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కోటు కింద నర్సు దుస్తులు ఉన్నాయి. నాలుగు డబ్బాల్లో చికెన్ పలావు తెచ్చింది. వంటింట్లో ఒక్కొక్కరి పేరూ అడిగి ఒక్కొక్క డబ్బా ఇచ్చింది.

"దీక్షిత్ అంటే నువ్వేనా బాబూ?" అంది. అతని రెండు చేతులూ పట్టుకుంది. "మావాడి హాజరు కోసం అంత మంచులో ఆరు కిలోమీటర్లు నడిచింది నువ్వేనంట కదా. వాడు చెప్పాడు. పని కాకపోతే కాకపోయింది, నీలాంటి స్నేహితుణ్ణి ఇచ్చాడు దేవుడు. ఇంకో డబ్బా కూడా తీసుకో, వాడిది. వాడికి ఇంటి దగ్గర వండిపెడతాను."

దీక్షిత్ ఆమోసు వంక చూశాడు. ఆమోసు సంచి జిప్పు లాగుతున్నాడు. పిన్నికి అతను చెప్పింది అంతవరకే. అందులో అబద్ధం లేదు.

"తీసుకోరా," అన్నాడు ఆమోసు.

తీసుకున్నాడు. పెట్టె తనే మోసుకెళ్ళి కారులో పెట్టాడు. రాబర్ట్ గేటు దగ్గరకొచ్చి ఆమోసుతో చెయ్యి కలిపి, అంతా గ్రాండ్‌గా అవుతుందిలే అన్నాడు. కారు వీధి మలుపు తిరిగింది. మలుపు దగ్గర మిగిలిన మంచు కుప్ప మీద చక్రం ఎక్కి దిగింది.

ఫిబ్రవరి ఆఖరుకి మాట గడువు తీరింది. గది తిరిగి ఇవ్వడానికి ఎవరూ లేరు. ఉత్తరపు గదిలోకి కొత్తగా ఎవరొచ్చి చూసినా, ఆ గోడ చూసి వెళ్ళిపోయారు. కనక రెండూ అతని పేరనే మిగిలాయి.

మొత్తం మీద దీక్షిత్‌కి దక్కినవి ఇవి: వెచ్చటి గోడ ఉన్న చిన్న గది ఒకటి, కడిగి బోర్లించిన రెండు పలావు డబ్బాలు, హాట్ ప్రెస్ వెనక మూలన దొరికిన ఊలు మేజోడు ఒకటి. దాని జత ట్రాలీ నుంచి చీరాల వెళ్ళింది.